కాలు తిన్న పొయ్యి

ఇటు రా నాయనా. ఆ గట్టు మీద నిలబడి చూడటం కాదు, దగ్గరికి రా. ఇంకా దగ్గరికి. కాలనులే. ఇప్పుడు నా కడుపులో కోడిపెట్ట పొదుగుతోంది, అది లేచి గోల చెయ్యకుండా మెల్లిగా కూర్చో. ఇందాక దూరం నుంచి నన్ను చూపించి పక్కవాళ్ళతో ఏమన్నావో నాకు వినిపించింది. "అదిగో, కాలు తిన్న పొయ్యి" అన్నావు. ఆ మాట నీది కాదని నాకు తెలుసు. మీ నాన్న అని ఉంటాడు, ఆయనకు ఆయన మేనమామ చెప్పి ఉంటాడు. ఈ లంకలో అరటి పిలక కంటే మాట తొందరగా పెరుగుతుంది. అందుకే కూర్చోమంటున్నాను. నిన్ను తిట్టను. తిట్టాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు.

నేను ఒక పొయ్యిని. వంటింట్లో పొయ్యిని కాదు, చంకన పెట్టుకు తిరిగే కుంపటిని అసలే కాదు. పసుపు ఉడకబెట్టే ఇనుప పొయ్యిని. నా మీద పెట్టే కడాయిలో నువ్వూ నీ పెళ్ళామూ కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. నలుగురు పట్టుకుంటే నేను కదలను. ఎనిమిది మంది పట్టుకుంటే గొణుక్కుంటూ కదులుతాను.

నా పుట్టుక తెనాలిలో. ఒక బియ్యం మిల్లు మూతపడితే దాని బాయిలరు రేకు తెచ్చి కనకాచారి నన్ను చేశాడు. ఆయన మాట తక్కువ మనిషి. కాల్చాడు, వంచాడు, అతికాడు. నాలుగు కాళ్ళు పెట్టాడు. ముందు కట్టెలు పెట్టే నోరు, వెనక పొగగొట్టం, కింద బూడిద రాలే జల్లెడ. అంతా అయ్యాక నాలుగు మూలలా నాలుగు కడియాలు అతికాడు. అతికి ఊరుకోలేదు. షెడ్డు దూలానికి గొలుసు కట్టి, ఒక్కొక్క కడియానికీ నన్ను వేలాడదీసి, రాత్రంతా అలాగే ఉంచి చూశాడు. మనుషుల్లో నన్ను అంత శ్రద్ధగా చూసినవాడు మళ్ళీ చాలా ఏళ్ళకు గానీ తగల్లేదు.

నన్ను కొనుక్కున్నది ఈ లంకలో పసుపు రైతు పిచ్చేశ్వరరావు. బండి కట్టించుకుని వచ్చినప్పుడు కనకాచారి ఆయన్ని పక్కకు పిలిచి చెప్పాడు.

"రావుగారూ, దీన్ని ఎత్తాల్సొస్తే ఈ కడియాల్లో సరుగుడు బాదులు దూర్చి ఎత్తండి. గొట్టం పట్టుకోమాకండి, అది పొగ పోటానికే. కాళ్ళు పట్టుకోమాకండి, అయి నిలబడటానికే."

"మాకు తెలవదా ఆచారీ. మా తాతల కాణ్ణుంచీ పొయ్యిలు చూస్తన్నాం."

చూశారు. మట్టి పొయ్యిలు చూశారు. మట్టి పొయ్యి కళ్ళంలో పుట్టి కళ్ళంలోనే పోతుంది. అది బండి ఎక్కదు, బండి దిగదు. నడవని దూడను పెంచినవాడు ఏనుగును తోలగలనని చెప్పినట్టుంది ఆ మాట.

లంకకు వచ్చిన రోజున నాకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. నాలుగు కడియాలకూ బంతిపూల దండలు కట్టారు. అప్పుడే నాకు గుండె జారింది. కడియాలంటే నగలనుకున్నారు వీళ్ళు. ఆ తర్వాత ఒక కడియానికి మేకను కట్టేశారు. ఇంకోదానికి అన్నం క్యారేజీ తగిలించారు. మూడోదాని మీద తువ్వాళ్ళు ఆరేశారు. నాలుగోది ఎవరికీ పనికి రాలేదు గనక తుప్పు పట్టింది. ఎత్తేటప్పుడు మాత్రం ఒకడు గొట్టం పట్టేవాడు, ఒకడు నోట్లో చెయ్యి పెట్టేవాడు, ఇద్దరు కాళ్ళు పట్టుకుని తొట్టెలో బిడ్డను ఊపినట్టు ఊపేవాళ్ళు. చెవులు పెట్టి పంపిస్తే ముక్కు పట్టుకుని ఈడ్చే జనం. నాకు నోరుంది గానీ అది కట్టెలు తినడానికే. లేకపోతే అప్పుడే అడిగేదాన్ని.

ఇక నన్ను నడిపించిన ఇద్దరి గురించి చెప్పాలి. ఏసోబు, అతని పెళ్ళాం సువార్తమ్మ. పసుపు తవ్వకాలు మొదలైతే వాళ్ళిద్దరూ, వాళ్ళతోపాటు పేటలోని కొంతమందీ, నన్ను వెంటేసుకుని ఒక రైతు కళ్ళం నుంచి ఇంకో రైతు కళ్ళానికి తిరిగేవాళ్ళు. మంట ఏసోబుది, కడాయి సువార్తమ్మది. తవ్వి కడిగిన పసుపు దుంపలు కడాయిలో పోసి, నీళ్ళు పట్టి, పైన పసుపు ఆకులు కప్పేవాళ్ళు. ఏసోబు నా నోటి ముందు గొంతుకూర్చుని ఒక్కో కట్టె అందించేవాడు. పసిబిడ్డకు ముద్దలు పెట్టినట్టు పెట్టేవాడు, ఉన్నమాట చెప్పాలి. నురుగు పొంగి, ఆ వాసన ఏటి అవతలకు కొట్టేవేళకు సువార్తమ్మ ఒక దుంప తీసి ఈనెపుల్ల గుచ్చి చూసేది.

"అయిపోయింది, దించు" అనేది.

"ఇంకొంచెం ఉడకాల" అనేవాడు ఏసోబు.

"నీ బుర్ర ఉడకాల. దించు."

దించేవాడు. ఆ దించడంలో ఓడిపోయినవాడి మొహం పెట్టేవాడు గానీ లోపల నవ్వుకునేవాడు. అప్పుడు సువార్తమ్మ పట్టకారుతో నా కడుపులోంచి ఒక నిప్పు తీసి, అతని చుట్ట ముట్టించి, తను ఒక దమ్ము లాగి అంటుకుందో లేదో చూసి, అతని చేతికిచ్చేది. ప్రతి కడాయికీ ఒక చుట్ట. అది వాళ్ళ సంసారం. ఇంతకంటే నాకేం తెలుసు, ఇంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు నా కోపం ఎక్కడ మొదలైందో విను.

ఈ లంకలో పసుపు వండేవాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. సీజను మొదటిరోజు ముట్టించిన నిప్పు ఆఖరి కడాయి దిగేదాకా ఆరకూడదు. ఆరితే పసుపు రంగు చస్తుందని, ఆ ఏడు వండినవాడి చెయ్యి మంచిది కాదని అంటారు. పాతకాలంలో కళ్ళం మారేటప్పుడు మట్టికుండలో నిప్పులు పోసి, పైన బూడిద కప్పి, ఆడమనిషి తలమీద పెట్టుకుని తీసుకెళ్ళేది. కొత్త కళ్ళంలో గాడి తవ్వి ఆ నిప్పు అందులో పోసేవాళ్ళు. దానికి నేనేమీ అనను. కుండ తేలిక, దారి చల్లన, ఎవరి కాలూ పోలేదు. ఏసోబు వాళ్ళ నాయన నిప్పు ఏ సీజనులోనూ ఆరలేదట. ఏసోబు నిప్పూ ఆరలేదు. పేటలో అతన్ని చూపించి "నిప్పుల ఏసోబు" అనేవాళ్ళు. ఆ పేరు వింటే అతని మెడ ఒక జానెడు పొడుగయ్యేది.

నేను వచ్చాక పిచ్చేశ్వరరావుకు ఒక తెలివి పుట్టింది. "పొయ్యే బండెక్కి పోతంటే మళ్ళా కుండెందుకురా? నిప్పు పొయ్యిలోనే ఉంచి ఎక్కించండి" అన్నాడు.

ఏసోబు తలూపాడు. అతనికీ బాగానే ఉంది. తన నిప్పు కుండలో దాక్కుని కాకుండా, ఇనుప కోటలో, ట్రాక్టరు మీద ఊరేగుతుంది గదా.

సువార్తమ్మ ఒక్కతే అంది. "కాలే పొయ్యిని ఎవురు పట్టుకుంటారయ్యా? కుండ నేను మోస్తాగా, నీకేం బరువు?"

"గోనెపట్టాలు కప్పి పట్టుకుంటాం. నువ్వు కడాయి సంగతి చూసుకో" అన్నాడు ఏసోబు.

చూశావా. మంచి ఆచారమే. దానికి కొత్త వస్తువు తగిలించేసరికి అది పిచ్చి అయింది. నన్ను కడుపులో నిప్పులతో ఎక్కించారు, దించారు. మొదటిసారి ఏం కాలేదు. రెండోసారీ ఏం కాలేదు. ఏం కాలేదు గనక ఇక ఏం కాదనుకున్నారు. ప్రతిసారీ నేను వణుకుతూనే ఉన్నాను. ఇనుము వణికితే మనుషులకు చప్పుడు వినిపిస్తుంది గానీ అర్థం వినిపించదు.

ఆ రోజు పిచ్చేశ్వరరావు కళ్ళంలో వంట అయిపోయింది. నన్ను ఆయన బావమరిది కోటిలింగం కళ్ళానికి తీసుకెళ్ళాలి. పడమర మబ్బు పట్టింది. తడిస్తే ఆరబోసిన పసుపు పాడైపోతుందని అందరికీ తొందర. ఎక్కించేటప్పుడు గట్టు ఎత్తుగా ఉంది గనక, ట్రాక్టరు ట్రక్కును గట్టుకు ఆనించి గునపాలతో నెట్టేశారు. కోటిలింగం కళ్ళం మాత్రం పల్లం. ట్రక్కు మీంచి కిందికి దించాలంటే వాలుగా ఏదో ఒకటి వెయ్యాలి.

"అయ్యా, నాలుగు చెక్కలిప్పించండి" అన్నాడు ఏసోబు.

కోటిలింగం నాలిక కరుచుకున్నాడు. "టేకు చెక్కలురా. కాలే పొయ్యి దొర్లిస్తే మసిబొగ్గయిపోవూ? బోదెలెయ్యండి. అరటిబోదె కాలదుగా."

లంకలో రాయి దొరకదు, అరటిబోదె ఎక్కడ చూసినా దొరుకుతుంది. పచ్చి బోదె కాలదన్న మాట నిజం. కానీ నాలాంటిది దాని మీదకెక్కితే అది నలిగి, నీరు కారి, వెన్నపూసలా అవుతుందన్న సంగతి అక్కడున్న ఒక్కడికీ తట్టలేదు. రోజూ బోదెలు నరికే చేతులు నాయనా అవి. బోదె మీద కాలు జారి పడనివాడు ఈ లంకలో పుట్టలేదు. అయినా తట్టలేదు. ఒక్క నిప్పు కోసం కడియాలు పట్టుకోలేకపోయారు, ఒక్క నిప్పు కోసం చెక్కలు పోయాయి, బోదెలు వచ్చాయి. నా గొట్టానికి తాడు కట్టారు. ఏసోబు ఆ తాడు పట్టుకుని కిందికి దిగాడు. నాకు ఎదురుగా, వాలుకు అడుగున నిలబడ్డాడు.

నేను దిగే దారిలో మనిషి. కోపం రాదా?

ఇక నోళ్ళు లేచాయి. ట్రాక్టరు తోలే మస్తాను పైనుంచి "లాగు, లాగు" అన్నాడు. పిచ్చేశ్వరరావు గట్టు మీద గొడుగేసుకుని "మెల్లిగా, మెల్లిగా" అన్నాడు. కోటిలింగం కళ్ళం చివర నిలబడి "ఇటు కాదు, ఆగ్నేయం మూలకి తిప్పండి, పొయ్యి ఆగ్నేయాన ఉండాల" అన్నాడు. వెనక గోనెపట్టాలతో పట్టుకున్నవాళ్ళలో సగం మంది లాగు అన్నమాట విన్నారు, సగం మంది తిప్పు అన్నమాట విన్నారు. ఒకడి గోనె అంటుకుని చెయ్యి వదిలేశాడు. మెల్లిగా అన్నమాట మాత్రం ఎవరూ వినలేదు. గొడుగు కింద నుంచి వచ్చే మాట అలాగే ఉంటుంది.

నేను జారాను. ఆగుదామని నాలుగు కాళ్ళూ బిగబట్టాను. బిగబట్టడానికి నాకేముంది, కనకాచారి నిలబడటానికి పెట్టిన కాళ్ళు అవి. ఏసోబు పక్కకు దూకాడు. మనిషి దూకాడు గానీ కుడిపాదం బోదెల మధ్య ఇరుక్కుంది. నా ముందుకాలు దాని మీదకు దిగింది. కడుపునిండా నిప్పు పెట్టుకుని, అతను పెట్టిన నిప్పే పెట్టుకుని, అతని పాదం మీద నిలబడ్డాను.

ఆ అరుపు చెప్పను. చెప్పలేను.

అందరూ పరుగెత్తి వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. పట్టుకుందామంటే నేను కాలుతున్నాను. నీళ్ళు పొయ్యమని ఒకరూ అనలేదు. నిప్పు ఆరకూడదు గదా. సువార్తమ్మ వచ్చింది. కడాయికి తోడిపెట్టిన నీళ్ళ బానను ఎత్తి నా నోట్లో కుమ్మరించింది. ఇంకో బాన. ఆవిరి లేచి ఆమె ముంజేతులు రెండూ ఉడికాయి. నా పొట్ట పక్కన టప్పున పగిలింది. ఇదిగో, ఇక్కడ చూడు, ఈ పగులు. దీని గురించి నాకు ఏ కోపమూ లేదు. నా ఒంటి మీద ఉన్న వాటిల్లో దీన్నే నేను నగ అనుకుంటాను. నల్లటి బురద నా నోట్లోంచి కారింది. అప్పుడు పడ్డాయి నా కడియాల మీద చేతులు. గునపాలు పెట్టి లేపారు, పాదం బయటికి లాగారు.

అతన్ని ట్రక్కులో పడుకోబెడుతుంటే కోటిలింగం నా నోట్లోకి తొంగి చూశాడు.

"ఆర్పేశావేందే నిప్పు" అన్నాడు సువార్తమ్మతో.

ఆమె అతని వంక చూడలేదు. మొగుడి కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను చూశాను. ఆ క్షణం నుంచీ చూస్తూనే ఉన్నాను ఆ మొహాన్ని.

ఆసుపత్రిలో ఏసోబు కుడిపాదం సగం తీసేశారు. ఆ రాత్రే వాన పడింది. ఆరబోసిన పసుపు తడిసింది. ఇక చూడు లంక. మనిషి పాదం పోతే అయ్యో అన్నవాళ్ళు తక్కువ. నిప్పు ఆరిందని మొత్తుకున్నవాళ్ళు ఎక్కువ. "ఆడమనిషి ఆర్పింది, అందుకే వాన" అన్నారు. మబ్బు పొద్దున్నుంచీ పడమటి దిక్కున కూర్చుని ఉంటే దాన్ని చూసే గదా తొందరపడ్డారు. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. నన్ను కాలు తిన్న పొయ్యి అన్నారు. ఆమెను నిప్పు చంపిన చెయ్యి అన్నారు. మా ఇద్దరినీ కళ్ళాలకు పిలవడం మానేశారు. నన్ను తెచ్చి పేటకు పోయే దారి పక్కన, ఇదే గట్టు మీద, ఒక పక్కకు ఒరిగేట్టు పడేసి పోయారు.

నేను ఎవరి దగ్గరికైనా నడిచి వెళ్ళానా? నాకు నేనుగా బండి ఎక్కానా? బోదెలు నేను పరిచానా? కడుపులో నిప్పు ఉండగా దించమని నేను అడిగానా? మనుషులకు ఒక అలవాటుంది. తమ చేతిలోంచి జారినదాన్ని చూసి "జారింది" అంటారు. "జార్చాం" అనరు.

అయినా ఊళ్ళోవాళ్ళ మీద నాకున్న కోపం ఒక ఎత్తు, ఏసోబు మీద ఉన్నది ఒక ఎత్తు.

అతను కర్ర పట్టుకుని నడవడం నేర్చుకున్నాక మధ్యాహ్నాలు వచ్చి నా నీడన కూర్చునేవాడు. సువార్తమ్మ గడ్డి కోసుకుని వచ్చి మోపు దించుకుని పక్కనే కూర్చునేది. అన్నం పెట్టేది, తినేవాడు. మందు రాసేది, రాయించుకునేవాడు. ఒక్క మాట తిట్టలేదు ఆమెను. తిడితే బాగుండేది. అన్నం తిన్నాక ఆమె చుట్ట తీసి ముట్టించి ఇవ్వబోతే మాత్రం చెయ్యి చాపేవాడు కాదు. తలకాయ పక్కకు తిప్పుకునేవాడు. ఆమె ముట్టించిన చుట్ట అలాగే కాలి బూడిదయ్యేది. కాసేపయ్యాక తన చుట్ట తను తీసి, తనే అగ్గిపుల్ల గీసుకుని కాల్చుకునేవాడు.

ఒకరోజు ఆమె అడిగింది. "నా మీద కోపమా?"

"కోపమేంది. కాలు నిలబెట్టావుగా, సగమన్నా."

"మరి?"

కర్రతో నేల మీద గీత గీశాడు. "మా నాయన కూడా ఆరనియ్యలా" అన్నాడు చివరికి.

ఆమె ముంజేతుల మీద తోలు ఇంకా ముడతలు పడే ఉంది. వాటిని చీర కొంగు కింద పెట్టుకుని మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాకు చేతులుంటే ఆ రోజు అతన్ని గునపంతో కొట్టేదాన్ని. చల్లారిన ఇనుమునే గానీ, ఆ మధ్యాహ్నం నేను మండినంతగా ఏ సరుగుడు కట్టె పెట్టినా మండలేదు.

తర్వాతి ఏడు ఏరు పొంగింది. లంకకు వచ్చే దారి కోసుకుపోయింది. పిచ్చేశ్వరరావు ఆ సీజనుకు అవతలి ఒడ్డు నుంచి ఆవిరి బాయిలరు మాట్లాడుకున్నాడు. దారి లేక అది రాలేకపోయింది. తవ్విన పసుపు కుప్ప పడి ఉంది, ఇంకొన్నాళ్ళుంటే కుళ్ళుతుంది. మట్టి పొయ్యిల వాళ్ళు తమ కుప్పలు వండుకుంటున్నారు, ఎవరికీ తీరిక లేదు. ఒక పొద్దున ఆయన ఈ గట్టు మీదకు వచ్చి, నా నోట్లోంచి మొలిచిన తీగ పీకి, గడ్డిమోపుల దగ్గరున్న సువార్తమ్మతో అన్నాడు.

"సువార్తా, పొయ్యి నా కళ్ళంలో దించాల. మీరు రావాల."

"నేను నిప్పు చంపినదాన్నిగా రావుగారూ."

"అదంతా కోటిలింగం మాటే. నేనన్నానా?"

"మీరు కాదనలేదు."

ఆయన గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. సువార్తమ్మ కొడవలి కింద పెట్టింది.

"వస్తాం. పొయ్యి చల్లగా ఎక్కాల, చల్లగా దిగాల. మీ ఇంటి చెక్కలియ్యాల. దించేటప్పుడు మాట్టాడేది ఒక్కరే, అది మా ఆయన. ఇంకెవురు నోరు తెరిచినా నేను చేతులు దులుపుకుని ఎల్లిపోతా."

"నా కళ్ళంలో నేను మాట్టాడకూడదా?"

"దిగాక మాట్టాడండి, తెల్లారిందాకా ఇంటా."

ఏసోబు నాకు ఆనుకుని కూర్చుని ఇదంతా వింటున్నాడు. తన మాట వచ్చినప్పుడు తలెత్తి పెళ్ళాం వంక చూశాడు.

నాయనా, నన్ను ఎలా దించారో ఇప్పుడు విను. ఇది చెప్పేటప్పుడు కూడా నాకు కోపమే వస్తుంది, ఎందుకంటే ఇదంతా ముందే చెయ్యొచ్చు.

ఏసోబు ముందు కళ్ళంలోకి కుంటుకుంటూ పోయి, గునపం పట్టుకుని నేలను పొడిచి చూశాడు. ఆగ్నేయం మూలలో గునపం చలిమిడిలో దిగినట్టు దిగిపోయింది, అది ఏరు తెచ్చిన కొత్త ఒండ్రు. అక్కడ పెడితే కడాయితో సహా ఒరిగిపోయేదాన్ని. ఇంకోచోట పొడిచాడు, ఖంగుమంది. గాలి ఏ పక్కకు పోతోందో గుప్పెడు దుమ్ము ఎగరేసి చూశాడు. పసుపు ఆకు కుప్పలూ గడ్డివామీ ఆ దిక్కున లేకుండా చూసుకున్నాడు. వరదకు పడిపోయిన గోడ ఇటుకలు తెప్పించి పరిపించాడు. వాటి మీద కంచం పెట్టి నీళ్ళు పోసి, నీళ్ళు ఏ అంచుకు పోతున్నాయో చూసి, సమంగా నిలిచేదాకా ఇటుకలు సర్దించాడు. ఇంతా అయ్యాక ట్రక్కును రమ్మన్నాడు.

నా గొట్టం ఊడదీసి పక్కన పెట్టారు. బూడిద ఎత్తేశారు. కడియాలకు తుప్పు గీకి నూనె రాశారు. సరుగుడు బాదులు దూర్చారు. పిచ్చేశ్వరరావు ఇంటి టేకు చెక్కలు నిజంగానే వచ్చాయి, వాలుగా వేశారు. వెనక కడియాలకు తాడు కట్టి, ఆ తాడును ఇంకో ట్రాక్టరు ఇరుసుకు రెండు చుట్లు తిప్పి మస్తాను చేతికిచ్చారు, నేను జారబోతే ఆపడానికి. ఒక మనిషి తక్కువైతే సువార్తమ్మ పిచ్చేశ్వరరావు వంక చూసింది. ఆయన గొడుగు ముడిచి, గట్టుకు గుచ్చి, వచ్చి బాదు పట్టుకున్నాడు.

ఏసోబు పక్కగా ఒక తట్ట బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. "నా ఎదర ఎవురూ ఉండొద్దు, పొయ్యి ఎదర అసలుండొద్దు. నేను దించు అంటే దించండి, ఆపు అంటే ఆపండి. మూడో మాట లేదు" అన్నాడు. ఊళ్ళో అతని గొంతు అంత గట్టిగా విని ఏడాది దాటింది.

దించు అన్నాడు. కదిలాను. ఆపు అన్నాడు. ఆగాను. కడియాల్లోంచి బరువు బాదుల్లోకి, బాదుల్లోంచి భుజాల్లోకి పోయింది. కనకాచారి షెడ్డులో వేలాడిన రాత్రి తర్వాత నా ఒళ్ళు నాకు మళ్ళీ అప్పుడే తేలికగా తోచింది. సగం చెక్కల మీదకు వచ్చాను.

"ఒరే, కొంచెం ఆగ్నేయానికి..." అన్నాడు పిచ్చేశ్వరరావు.

"ఆపు" అన్నాడు ఏసోబు.

అందరూ ఆగారు. మస్తాను తాడు బిగించాడు.

"అయ్యా, మీరు మాట్టాడారు."

"అలవాటున వచ్చిందిరా."

"నాకూ అలవాటునే పోయింది." ఏసోబు తన పాదం వంక చూడలేదు, చూడాల్సిన అవసరమూ లేదు, అందరూ చూశారు. "పైకెత్తండి. మళ్ళా మొదట్నుంచి."

నన్ను మళ్ళీ ట్రక్కు మీదకు ఎక్కించారు. రైతుగారు కూడా మోశారు, చెమట ముక్కు చివర నుంచి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేక. మళ్ళీ మొదట్నుంచి దించారు. ఈసారి ఆ కళ్ళంలో ఏటిగాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు. దించు. ఆపు. దించు. ఆపు. ఇటుకల మీద నా నాలుగు కాళ్ళూ ఒకేసారి ఆనాయి. సువార్తమ్మ నా మీద కంచం పెట్టి నీళ్ళు పోసింది. నీళ్ళు కదల్లేదు.

కడాయి ఎక్కించారు. దుంపలు పోశారు. అప్పుడు పిచ్చేశ్వరరావు మనిషి ఒకడు పక్క కళ్ళం నుంచి మట్టికుండ పట్టుకుని వచ్చాడు. అందులో నిప్పులు, సీజను మొదటిరోజు ముట్టించి ఆరకుండా వస్తున్న నిప్పులు. తెచ్చి ఏసోబు ముందు పెట్టాడు. కుండ మీద బూడిద కప్పి ఉంది, కింద ఎర్రగా ఉంది.

ఏసోబు ఆ కుండను చూశాడు. వాళ్ళ నాయన కుండ కూడా అలాంటిదే. చాలాసేపు చూశాడు. సువార్తమ్మ నా పక్కన నిలబడి ఉంది, కొంగు కింద చేతులు పెట్టుకుని. నేను ఆ మనిషి మీద ఏడాదిగా దాచుకున్న కోపమంతా ఎత్తిపెట్టుకుని ఎదురుచూస్తున్నాను.

అతను మొలలోంచి అగ్గిపెట్టె తీశాడు. గీసుకోలేదు. ఆమె వైపు చాపాడు.

"ఆర్పిన చెయ్యేగా. ముట్టించు" అన్నాడు.

ఆమె కొంగులోంచి చేతులు తీసింది. ఆ ముడతల చేతులతోనే పుల్ల గీసింది. ఎండు పసుపు దుబ్బు అంటుకుంది, కంప అంటుకుంది, సరుగుడు అంటుకుంది. నా పగుల్లోంచి ఎర్రటి గీత ఒకటి బయటికి కనిపించింది. నురుగు పొంగి, వాసన ఏటి అవతలకు కొట్టింది. ఆమె ఈనెపుల్ల గుచ్చి దించమంది. ఇంకొంచెం ఉడకాల అన్నాడు అతను. ఆమె ఏమందో నీకు తెలుసు. దించారు. దుంప విరిచి చూస్తే రంగు ఎప్పటిలాగే ఉంది, మందారపు పుప్పొడిలాగా. పిచ్చేశ్వరరావు రెండు దుంపలు విరిచి చూశాడు, ఎక్కడైనా రంగు చచ్చిందేమోనని. చావలేదు.

అప్పుడు ఏసోబు ఒక చుట్ట తీసి పెళ్ళానికి అందించాడు.

ఆమె పట్టకారు తీసుకుని నా నోటి దగ్గరికి రాలేదు. వెనక్కి తిరిగి, ఎవరికీ పనికి రాకుండా కూర్చున్న ఆ ఆనవాయితీ కుండలోంచి ఒక నిప్పు తీసింది. చుట్ట ముట్టించి, ఒక దమ్ము లాగి చూసి, అతని చేతిలో పెట్టింది. అతను తీసుకున్నాడు.

ఆ తర్వాత చాలా సీజన్లు వండాను. ఎన్నో కళ్ళాలు ఎక్కాను, దిగాను, ఒక్కరి గోరు కూడా నలగలేదు. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి, నాకు పని లేదు. నన్ను మళ్ళీ ఈ గట్టు మీదకు సువార్తమ్మే తెప్పించుకుంది. వాళ్ళ ఇల్లు అదిగో, ఆ రేకుల పంచ. ఏసోబు పోయాడు. ఆమె ఉంది. సాయంత్రం వస్తుంది, కోడికి నూకలు వేసిపోతుంది.

నాకింకా కోపమే నాయనా. ఏసోబు మీద పోయింది. ఒక పాదం పోతే గానీ కడియాలు కనిపించని కళ్ళ మీద పోలేదు. నా పేరు మీద మీరు కట్టిన మాట మీద అసలు పోలేదు. అందుకే నిన్ను పిలిచాను. ఇదిగో, పోయే ముందు ఈ కడియం ఒకసారి పట్టుకో. గట్టిగా పట్టుకో. ఎంత బాగా ఇముడుతుందో చూడు చేతిలో. ఇది గుర్తుంచుకో. రేపు ఎవరైనా బరువైనదాన్ని, వేడిగా ఉన్నదాన్ని, తొందరలో దించుతుంటే, నలుగురు నాలుగు మాటలు అరుస్తుంటే, వాలుకు ఎదురుగా ఎవడో ఒకడు నిలబడి ఉంటే, అక్కడికి పోయి నా కథ చెప్పు. మొదట్నుంచి చెప్పు. చెప్పేటప్పుడు కాలు తిన్న పొయ్యి అనకు. సువార్తమ్మ పొయ్యి అని చెప్పు.